తొంభై ఆరు పెట్టెలు

పెట్టె తెరవగానే ముక్కు బాబాయ్ ముందు వాసన చూస్తాడు. కళ్ళజోడు ఆ తర్వాత, మీటరు ఇంకా ఆ తర్వాత. అట్టపెట్టె మూతల మధ్య ముఖం దూర్చి, పాలు విరిగాయేమోనని అనుమానపడే ఇల్లాలిలా ఒక్కసారి గట్టిగా పీల్చి వదులుతాడు. సిగరెట్ వాసన వస్తే, కిటికీ తెరవకుండా రోజంతా ఆటలాడే వాడి కంప్యూటర్లోంచి వచ్చిన కార్డు. తడిగోడ వాసన వస్తే అద్దె గది. ఏ వాసనా లేకపోతే, కొనుక్కుని, రంగు నచ్చక, పైనున్న ప్లాస్టిక్ పొరైనా పీకకుండా తిప్పి పంపిన కలవారి సరుకు. కాలిన వాసన వస్తే మాత్రం ఇక చూడాల్సిందేమీ ఉండదు. వెంట వచ్చిన కాగితం మీద "వాడనే లేదు, నచ్చలేదు" అని ఎంత అందంగా రాసి ఉన్నా సరే.

ఆన్‌లైన్‌లో అమ్ముడైన కంప్యూటర్ భాగాలు ఏదో ఒక వంకతో వెనక్కి వస్తే చేరే గోడౌన్ అది. రేకుల కప్పు కింద పన్నెండు బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక దీపం, ఒక మీటరు, ఒక కటింగ్ ప్లయరు, మూడు రంగుల చీటీల చుట్టలు. పరీక్షించాక పచ్చ చీటీ అంటిస్తే పూర్తి సెట్, కొత్తదానితో సమానం. పసుపు చీటీ అంటే పని చేస్తుంది గానీ ఏదో తక్కువైంది. తక్కువైనదేమిటో చేత్తో రాయాలి. ఎరుపు అంటే తుక్కు. పచ్చవీ పసుపువీ ఓపెన్ బాక్స్ అనే పేరుతో సగం ధరకి మళ్ళీ సైటు మీదికెక్కుతాయి.

బాబాయ్‌కి యాభై నాలుగేళ్ళు. ఈ పనిలోకి రాకముందు పాతికేళ్ళు జిరాక్స్ మెషిన్లు బాగు చేశాడు. ఎడమ భుజం మీద పనిముట్ల సంచి మోసీ మోసీ ఆ భుజం కిందికి వాలిపోయి, నిలబడ్డప్పుడు ఎవరి మాటో ఒద్దికగా వింటున్నవాడిలా కనిపిస్తాడు. కుడి బొటనవేలి కొస కాలి, నున్నబడి, గీతలు చెరిగిపోయింది. అందుకే గేటు దగ్గర వేలిముద్ర మెషిన్ రోజూ అతన్ని "మీరెవరు" అన్నట్టు ఎర్రగా చూస్తుంది. రోజూ ఎడమ బొటనవేలు పెట్టి లోపలికొస్తాడు.

మూడో పెట్టెలో మదర్‌బోర్డు. వాసన లేదు. ప్రాసెసర్ కూర్చునే చోట సూదుల వరసని దీపం కిందికి తెచ్చి, అటూ ఇటూ వాల్చి చూశాడు. ఒక్క సూదీ వంగలేదు. పచ్చ చీటీ అంటించి, దాని వీపు మీద మెల్లిగా తట్టాడు.

"ఎవరి అదృష్టమో" అన్నాడు.

"నాకు రాసిపెట్టు బాబాయ్, నేను కొనుక్కుంటా" అన్నాడు పక్క బల్ల వాడు.

వాడి పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. అందరూ టైల్స్ అంటారు. చేరిన కొత్తలో ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టెని సీలు బాగుంది కదా అని విప్పకుండానే పచ్చ చీటీ కొట్టి పంపాడు. కొన్నాయన తెరిస్తే అందులో బాత్‌రూముకి వేసే టైల్ ఉంది. సరిగ్గా కార్డు బరువు తూగేలా కోసి, బుడగల కవర్లో చుట్టి పెట్టాడు ఎవడో పుణ్యాత్ముడు. కొన్నాయన ఫొటో తీసి సైట్లో పెట్టాడు. "డిజైన్ బాగుంది, ఇంకో పదకొండు పంపితే గది పూర్తవుతుంది" అని రాశాడు.

"నువ్వు కొంటే నీకు సబ్బుపెట్టె కూడా వస్తుందిలేరా" అన్నాడు బాబాయ్. "అప్పుడు బాత్‌రూం పూర్తవుతుంది."

పది గంటలప్పుడు లీడమ్మ తోపుడుబండి తోసుకుంటూ వచ్చింది. ఆ పన్నెండు బల్లలకీ లీడ్ ఆ పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట మీటరు ముళ్ళు ఎలా పట్టుకోవాలో బాబాయ్ దగ్గరే నేర్చుకుంది. బండి మీద పవర్ సప్లైల పెట్టెలు, వాటి పైన ఒక ప్లాస్టిక్ బుట్ట. బుట్ట నిండా నల్లటి కేబుళ్ళు, పాముల పుట్ట తవ్వినట్టు.

"బాబాయ్, తొంభై ఆరు. అవతల గోడౌన్ మూసేస్తున్నారు, అక్కడి సరుకు. ఇలాంటి బళ్ళు రేపు ఇంకో మూడు వస్తాయి. సాయంత్రం ఐదింటికి లారీ. అన్నీ పచ్చే కావాలి."

బాబాయ్ పెట్టెల వైపు చూడలేదు. బుట్ట వైపు చూశాడు.

"ఇవి విడిగా ఎందుకున్నాయి?"

"లెక్క కోసమంట. అక్కడెవడో తెలివైనవాడు సప్లైలు ఒకవైపు, డిస్కుల కేబుళ్ళు ఒకవైపు పెడితే లెక్క తొందరగా తెముల్తుందని అన్నీ విప్పించాడు. తొంభై ఆరుకి తొంభై ఆరు సరిపోయాయి." ఆ పిల్ల బుట్టలోంచి ఒక కేబుల్ లాగి, చేతికందిన సప్లైకి గుచ్చింది. టక్కున దూరింది. "చూడు, ఏది దేనికైనా దూరుతుంది."

"దూరుతుందమ్మాయ్. అదే దాని దరిద్రం."

సప్లైకి మిగతా కేబుళ్ళన్నీ పుట్టుకతో అతుక్కునే ఉంటాయి. ఫొటోలూ ఫైళ్ళూ దాచే డిస్కులకు వెళ్ళేది ఒక్కటే ఊడి వచ్చే రకం. దాని మూతి అన్ని కంపెనీలదీ ఒకే ఆకారం. లోపల తీగల వరస మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకరు ఐదు వోల్టులు పంపే చోట ఇంకొకరు పన్నెండు పంపుతారు. కేబుల్ మీద ఏ కంపెనీదో రాసి ఉండదు. పై చూపుకి తొంభై ఆరూ ఒక తల్లి పిల్లలే.

"ఒక్కోటీ పెట్టి చూడాలి" అన్నాడు. "సరిపోకపోతే ఇంకోటి. అదీ కాకపోతే ఇంకోటి. ఐదింటికి సగం కూడా అవ్వవు."

"బాబాయ్, నీకు దండం పెడతా. పూర్తి సెట్ అని సైట్లో పెట్టేశారు, రేపు సేల్. ఈ నెలాఖరుకి నన్ను పర్మనెంట్ చేస్తారో ఇంటికి పంపుతారో తేలుతుంది. ఇవాళ మాత్రం నీ చాదస్తం కట్టిపెట్టు."

"మొదలుపెడతా. వెళ్ళు" అన్నాడు.

పేపర్ క్లిప్పు వంచి, సప్లై మూతిలో రెండు రంధ్రాలు కలిపి దాన్ని లేపడం, కేబుల్ గుచ్చడం, అవతలి కొసన మీటరు ముళ్ళు ఆనించడం. పన్నెండు ఉండాల్సిన చోట పన్నెండు, ఐదు ఉండాల్సిన చోట ఐదు వస్తే, ఆ కేబుల్‌ని ఆ సప్లైకే దారంతో కట్టేసి పెట్టెలో పెట్టి పచ్చ చీటీ. రాకపోతే ఊడబీకి ఇంకోటి. మొదటి పెట్టెకి మూడు కేబుళ్ళు మార్చాడు. రెండో దానికి మొదటిదే సరిపోయింది. మూడో దానికి ఐదు. గుచ్చడానికి తేలిక గానీ, ఊడబీకడానికి మూతి పక్కనున్న చిన్న పలుకుని గోటితో నొక్కాలి. పదిహేనో పెట్టె దగ్గరికి వచ్చేసరికి గోరు లేచింది. వేలికి చీటీ చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆరేళ్ళ కిందట బాబాయ్ ఈ పెట్టెలు చూసేవాడు కాదు, కొనేవాడు. భార్యకి ఇంటి ముందు గదిలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఆవిడ పెళ్ళిళ్ళ జోలికి పోయేది కాదు. చుట్టుపక్కల పసిపిల్లలనీ, బడి పిల్లలనీ, ఇల్లు కదల్లేని ముసలివాళ్ళనీ తీసేది. పదకొండేళ్ళ ఫొటోలు కంప్యూటర్లో ఉండేవి. ఒకరోజు ఆ కంప్యూటర్ పవర్ సప్లై పోయింది. షాపులో కొత్తది అడిగితే వాడు చెప్పిన ధరకి బాబాయ్ తల తిరిగింది. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో వెతికితే అదే సరుకు, ఓపెన్ బాక్స్, సగం ధర. అరచేతిలో వైకుంఠం కనిపించింది. మూడో రోజున వచ్చింది. గీత లేదు, దుమ్ము లేదు. భార్యకి చూపించి, "చూశావా, బుర్ర ఉండాలి" అన్నాడు. పూర్తి సెట్ అని చీటీ ఉంది గానీ డిస్కుల కేబుల్ ఒక్కటి లేదు. దానికోసం తిప్పి పంపితే మళ్ళీ వారం. పాత సప్లై కేబుల్ ఉండనే ఉంది. గుచ్చి చూశాడు. పుట్టింటికొచ్చినట్టు దూరింది.

స్విచ్ వేశాడు. అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు, అంతే. వెనకాలే వాసన.

డిస్కులు రెండు. ఏ రోజుది ఆ రోజు రెండో దాంట్లోకి కాపీ చేసుకోమని ఆవిడకి నేర్పింది అతనే. రెండింటినీ ఒకే కేబుల్‌కి తగిలించిందీ అతనే.

తిరగని చోటు లేదు. ఎక్కడా ఒక్క ఫొటో వెనక్కి రాలేదు. ఆవిడ ఒక్కో ఇంటికీ తనే వెళ్ళి చెప్పుకుంది. కొందరు అరిచారు, కొందరు పోనీలెమ్మన్నారు. ఒక ముసలావిడ మాత్రం ఆమె వెంటే స్టూడియో దాకా వచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చుని, "ఆయనది అదొక్కటేనమ్మా తీయించింది" అంది. మంచినీళ్ళు ఇస్తే తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. మర్నాడు భార్య స్టూడియో బోర్డు దింపేసింది. ఇప్పుడు ఒక హాస్టల్ వంటింట్లో చేస్తోంది. ఈ ఆరేళ్ళలో ఆ కేబుల్ గురించి ఆవిడ నోరు మెదపలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాబాయ్‌కి చాలాసార్లు అనిపించింది. తిట్లు ఏదో ఒకనాటికి అయిపోతాయి.

ఒంటిగంటన్నరకి ఇరవై నాలుగు అయ్యాయి. డబ్బా మూత తీస్తుండగా భార్య ఫోన్ చేసింది. రోజూ ఆ వేళకే చేస్తుంది.

"తిన్నారా?"

"ఆఁ, ఇప్పుడే. నువ్వు?"

"ఇక్కడింకా రెండో బంతి నడుస్తోంది. గొంతు అలా ఉందేంటి?"

చెప్పాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "ఇవాళ అవే వచ్చాయి. డిస్కుల కేబుళ్ళు. అన్నీ కలగలిపేసి పంపారు. ఐదింటికల్లా పెట్టెల్లో సర్దెయ్యమంటున్నారు."

అవతల గిన్నెల చప్పుడు. ఎవరో నీళ్ళు అడుగుతున్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాడు.

"ఎన్ని?" అంది.

"తొంభై ఆరు."

"తొంభై ఆరు ఇళ్ళు" అంది ఆవిడ. "చల్లారిపోతుంది, తినండి" అని పెట్టేసింది.

బాబాయ్ రెండు ముద్దలు తిని డబ్బా మూసేశాడు.

మధ్యాహ్నానికి రేకులు కాగి, మెడ మీదికి సెగ దిగింది. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతూనే ఉంది. ముప్పై. ముప్పై మూడు. ఒక సప్లైకి తొమ్మిది కేబుళ్ళు మార్చాల్సి వచ్చింది. పన్నెండు రాకూడని చోట పన్నెండు కనిపించిన ప్రతిసారీ ఆ ముసలావిడ గ్లాసు కడుగుతున్న చప్పుడు చెవిలో వినిపించింది. కిందటి ఆరేళ్ళలో ఎంత సరుకు చూశాడో! వేల పెట్టెలు. అందులో ఒక్క పచ్చ చీటీ కూడా చూడకుండా అంటించింది లేదు. దానివల్ల ఎవరికి ఏం తప్పిందో అతనికి తెలిసే దారి లేదు. జరగనిదానికి ఎవరూ ఉత్తరం రాయరు.

నాలుగు దాటాక లీడమ్మ వచ్చింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

ఆ పిల్ల కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. మిగతా యాభై అయిదూ టైల్స్ సర్దేస్తాడు. పెట్టెకో కేబుల్ పడెయ్యమను."

"వీటికి పసుపు చీటీ వేద్దాం. కేబుల్ లేదని రాద్దాం. కొనేవాడు సరైనది తెచ్చుకుంటాడు."

"పూర్తి సెట్ అని చెప్పి అమ్మాక పసుపేంటి బాబాయ్? అయినా ఎన్ని తేడా కొడతాయి? కొడితే రిటర్న్ తీసుకుంటాం. మన పనే అది కదా."

"పెట్టె వెనక్కి వస్తుందమ్మాయ్. డిస్కులో ఉన్నది రాదు."

"ఆ డిస్కు నాది కాదు!" గట్టిగా అనేసి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకూ ఒక ఇల్లుంది బాబాయ్. లారీ వాడితో మాట్లాడి వస్తా. వచ్చేసరికి ఇవన్నీ పచ్చగా ఉండాలి. నువ్వు అంటించనంటే నేనే అంటిస్తా."

ఆమె వెళ్ళాక బాబాయ్ కాసేపు బుట్టనే చూశాడు. పసుపు చీటీ వేసి ఊరుకుంటే లాభం లేదు. కేబుళ్ళు కళ్ళెదుట ఉన్నంతసేపూ ఆ చీటీ పీకి పచ్చది అంటించడానికి నిమిషం పట్టదు. కేబుళ్ళే ఉండకూడదు.

అతను కటింగ్ ప్లయరు తీసుకున్నాడు.

మొదటిది కట్ అనగానే టైల్స్ తల తిప్పి చూశాడు. చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి పీకాడు. బాబాయ్ ముఖం, చేతిలోని ప్లయరు, బల్ల మీద పడ్డ నల్లటి మూతి, మూడింటినీ వరసగా చూశాడు.

"బాబాయ్, నేను టీకి పోతున్నా" అన్నాడు. "పావుగంట పడుతుంది. ఇవాళ రెండు తాగాలనుంది."

పోతూ పోతూ తన కుర్చీని ఆఫీసు అద్దం వైపు అడ్డంగా లాగి, దాని మీద రెండు ఖాళీ అట్టపెట్టెలు నిలబెట్టి పోయాడు.

బాబాయ్ తొందరపడలేదు. ఒక చేత్తో కేబుల్ మెడ పట్టుకోవడం, రెండో చేత్తో మూతి కత్తిరించడం. మూతులు బల్ల మీద, తీగలు కింద. బుట్ట కుదుపుకి కొన్ని నేల మీద పడితే వంగి ఏరి వాటినీ కోశాడు. పొద్దుటి నుంచి ప్రతిదీ లెక్కపెట్టిన మనిషి, ఈసారి లెక్కపెట్టలేదు. బుట్ట అడుగు కనిపించాక పసుపు చీటీల చుట్ట ముందుకు లాక్కుని, యాభై అయిదుసార్లు, ఒకే పొందికైన అక్షరాల్లో, "డిస్కుల కేబుల్ లేదు" అని రాశాడు. ఒక్కోటీ అంటించి, బొటనవేలితో నాలుగు మూలలా నొక్కాడు.

లీడమ్మ వచ్చి నిలబడింది. మూతుల కుప్పని వేలితో కదిపి చూసి, టైల్స్ కుర్చీ మీది అట్టపెట్టెలు కింద పెట్టి అందులో కూలబడింది.

"నన్ను కూడా కోసేశావు కదా బాబాయ్."

"తెలుసమ్మాయ్. పైవాళ్ళు అడిగితే ముసలాడు మాట వినలేదని రాయి. నిజమే కదా."

"రాయకుండా ఎలా ఉంటా?" ముక్కు ఎగబీల్చింది. "ఐడీ కార్డు ఇచ్చెయ్యి."

మెడలోని ట్యాగు అప్పటికే తీసి మీటరు పక్కన పెట్టాడు. డబ్బా సంచిలో వేసుకున్నాడు. బల్ల దీపం ఆర్పాడు. ఆ పిల్ల తల మీద చెయ్యి వెయ్యబోయి, నల్లటి వేళ్ళు చూసుకుని మానేశాడు.

గేటు బయట టీ గ్లాసు పట్టుకుని టైల్స్ నిలబడి ఉన్నాడు. "రేపు తొందరగా రా బాబాయ్, ఇంకో మూడు బళ్ళంట" అన్నాడు, ఏమీ తెలియనట్టే. బాబాయ్ వాడి భుజం తట్టి బస్‌స్టాపు వైపు నడిచాడు. రేపటి బళ్ళు ఎవరో ఒకరు చూస్తారు, లేదా ఎవరూ చూడరు. ఇంట్లో ముందు ఏది చెప్పాలో తేల్చుకోలేకపోయాడు. ఉద్యోగం పోయిందనా, యాభై అయిదనా? బస్సు వచ్చింది. ఎక్కాడు. సీటు దొరికింది.

లారీ పచ్చ పెట్టెల్ని ఎక్కించుకుని వెళ్ళింది. పసుపువి రేపటి మామూలు బండికి పంపమని పైనుంచి ఫోన్ వచ్చింది. బల్లలన్నీ ఖాళీ అయ్యాక ఊడ్చే ఆవిడ చీపురుతో వచ్చింది. తీగల తుక్కంతా సంచికెత్తింది. బల్ల వెనకకాలికీ గోడకీ మధ్య చీపురు దేనికో తగిలింది. వంగి లాగితే నల్లటి కేబుల్. దీన్నెవరూ కొయ్యలేదు. నిక్షేపంలా ఉంది.

ఆవిడ దాని దుమ్ము కొంగుతో తుడిచింది. ఎదురుగా పసుపు చీటీల వరస. కూడబలుక్కుంటూ చదివింది. డిస్కుల, కేబుల్, లేదు.

"అయ్యో పాపం" అంది. ఇంతింత పోసి కొనుక్కునేవాళ్ళకి ఇంత ముక్క కేబుల్ లేకపోవడమేంటి? తన చేతిలో ఒకటుంది, ఎవరో ఒకరికైనా దొరకనీ. ఏడో పెట్టెకి టేపు ఇంకా సరిగ్గా పడలేదు. మూత ఎత్తి, కేబుల్‌ని పొందిగ్గా చుట్టి, చేతికున్న రబ్బరు బ్యాండు తీసి వేసి, లోపల పెట్టింది. మూత మూసి టేపు మీద అరచెయ్యి వేసి ఒత్తింది.

అది ఆ సప్లై కేబులే అయినా కావచ్చు. అలా కూడా జరుగుతుంది.

దీపాలు ఆర్పాక, మిగతా యాభై నాలుగింటిలాగే, "డిస్కుల కేబుల్ లేదు" అని చేత్తో రాసిన పసుపు చీటీతో ఆ పెట్టె వరసలో ఏడోదిగా కూర్చుని ఉంది; లోపల, ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన నల్లటి చుట్ట.